గాలి లేని చోటికి వెళ్లే ఓడకు గాలి పరీక్ష

వేసవి సెలవుల్లో మా పిన్ని కొడుకు అట్టముక్కలతో ఒక అంతరిక్ష నౌక చేశాడు. వాడు చదివేది ఆరో తరగతి. మధ్యలో పింగ్‌పాంగ్ బంతి, దానికి అటొకటి ఇటొకటి ఆరు మూలల అట్టలు, తలుపు రెక్కల్లా నిలువుగా. ‘స్టార్ వార్స్’ సినిమాల్లో వచ్చే టై ఫైటర్ అన్నమాట. చూడగానే "ఇది ఎగరదురా" అనేశాను. వాడు ఊరుకుంటాడా? "చూడకుండా ఎలా చెప్తావక్కా? పరీక్ష పెట్టు" అన్నాడు.

విమానం ఆకారం ఎలాంటిదో తేల్చడానికి ఇంజనీర్లు వాడేది విండ్ టన్నెల్. మనం గాలి సొరంగం అందాం. దాని కిటుకు చిన్నదే. విమానం గాలిలో దూసుకెళ్లినా, విమానాన్ని కదలకుండా నిలబెట్టి గాలినే దాని మీదికి పంపినా ఫలితం ఒకటే. 1871లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ వెన్‌హామ్ మొట్టమొదటి సొరంగం తయారుచేయించాడు. రైట్ సోదరులు 1901లో ఆరడుగుల చెక్కపెట్టె ఒకటి చేసుకుని, సుమారు 200 రెక్కల ఆకారాలను అందులో పరీక్షించారు. 1903లో ఎగిరింది ఆ తర్వాతే.

మేము చేసింది అట్టపెట్టె సొరంగం. రెండు వైపులా తెరిచిన పెద్ద పెట్టె. ఒక చివర టేబుల్ ఫ్యాను, గాలిని బయటికి లాగేటట్టు. రెండో చివర జ్యూస్ తాగే స్ట్రాలు గుత్తంగా పేర్చాం. ఫ్యాను గాలి సుడులు తిరుగుతుంది కాబట్టి నేరుగా ఊదితే పనికిరాదు. స్ట్రాల గుండా వస్తే తిన్నగా వస్తుంది. పెట్టె పక్కన కోసి ప్లాస్టిక్ కాగితం అంటించాం, అదే మా కిటికీ. స్ట్రాల ముందు అగరొత్తి పెడితే, కనపడని గాలి పొగ రూపంలో కనపడింది.

బంతి ముందు పొగ చక్కగా విడిపోయింది. వెనక్కి రాగానే చెదిరి గిరగిరా తిరిగింది. ఆ సుడులే ఓడను వెనక్కి లాగుతాయి. ఈ లాగుడుని ఇంజనీర్లు ఒక అంకెతో కొలుస్తారు, దాన్ని నిరోధ గుణకం అంటారు. ఎదురుగాలిలో చదునుగా నిలబెట్టిన ఘనానికి అది సుమారు 1.05, గోళానికి 0.47, నీటిబొట్టులా తోక సాగిన ఆకారానికి 0.04. ఇక ఆ నిలువు అట్టలు ఓడను పైకి లేపవు. పైగా పెట్టెలో కొంచెం పక్కకి తిప్పగానే, గాలికి హోర్డింగు ఊగినట్టు ఊగిపోయాయి.

సినిమా ఓడలను సరదాకి ఇలా పరీక్షించేవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు. కొందరు కంప్యూటర్లో బొమ్మ గీసి, దాని మీదికి లెక్కల గాలి వదులుతారు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. చిన్న బొమ్మ మీద గాలి నడిచే తీరు, పెద్ద ఓడ మీద నడిచే తీరు అచ్చం ఒకటి కాదు. అసలు సొరంగాల్లో గాలి వేగం, ఒత్తిడి మార్చి ఆ తేడాను వీలైనంత సరిచేస్తారు.

"చూశావా, ఎగరదని చెప్పానుగా" అన్నాను. వాడు తాపీగా అడిగాడు: "అక్కా, అంతరిక్షంలో గాలి లేదు కదా?"

నా దగ్గర జవాబు లేదు. గాలే లేనిచోట లాగేదేముంది, ఊపేదేముంది? చంద్రయాన్-3లోని విక్రమ్‌ని గుర్తు తెచ్చుకోండి. నాలుగు కాళ్ల పెట్టె. మా సొరంగంలో పెడితే అదీ తప్పేది. అయినా 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది, అక్కడ గాలి లేదు కాబట్టి. గాలి ఉన్నది మన దగ్గర. అందుకే జూలై 14న శ్రీహరికోటలో బయలుదేరినప్పుడు దాన్ని రాకెట్టు కొసన నున్నటి తొడుగులో పెట్టారు. గాలి పలచబడ్డాక ఆ తొడుగు ఊడి పడిపోయింది.

తిరిగి రావడంలో ఇంకా విచిత్రముంది. భూమి మీదికి దిగే నౌకకు సూదిమొన ఉండాలని ఒకప్పుడు అందరూ అనుకున్నారు. 1951లో అమెరికాలో హెచ్. జూలియన్ ఆలెన్ అది తప్పని తేల్చాడు. మొద్దు ముఖమైతే ముందున్న గాలిని బలంగా నెడుతుంది. అక్కడ పుట్టే అఘాత తరంగం నౌకకు కాస్త ఎడంగా నిలుస్తుంది. వేడిలో చాలా భాగం గాలిలోకే పోతుంది. ఆ లాగుడే బ్రేకు కూడా. 2014 డిసెంబర్ 18న ఇస్రో పరీక్షించిన వ్యోమగాముల గది నమూనా కూడా మొద్దు ముఖంతోనే దిగి బంగాళాఖాతం చేరింది. విమానానికి శత్రువైన లాగుడే ఇక్కడ ప్రాణం కాపాడేది.

కాబట్టి సొరంగం అబద్ధం చెప్పలేదు, నేనే దాన్ని సగం ప్రశ్న అడిగాను. "ఈ ఆకారం మంచిదా?" అని కాదు, "ఎక్కడ తిరగడానికి?" అని మొదట అడగాలి. తన సినిమాలో ఆ ఓడ గ్రహాల మీదికి దిగి గాలిలో తిరిగితే మాత్రం నేను చెప్పిందే నిజం. ఆ మాట మా తమ్ముడూ ఒప్పుకున్నాడు, ముఖం ముడుచుకునే అనుకోండి.

పెట్టె ఇప్పుడు మన డిపార్ట్‌మెంట్ గదిలో బీరువా పక్కనుంది. మీకు నచ్చిన ఓడ, పుష్పక విమానమైనా సరే, అట్టతో చేసి తీసుకురండి. శుక్రవారం భోజనాల వేళ చూద్దాం. అగరొత్తులు నావి.