పలనాడును సింహళమును

రెండు దేశముల ప్రభుత్వములు తమలో నొడంబడిక చేసికొని, ఒక ఋతువంతయు ఒకరి కళలు నొకరికి జూపుకొను ఆచారము మన కాలమున ప్రబలినది. 1982లో ఇంగ్లండునందును, 1985లో ఫ్రాన్సు, అమెరికా దేశములయందును, 1987లో సోవియట్ భూమియందును భారతోత్సవములు మహావైభవముతో జరిగినవి. ఇట్టి ఏర్పాట్లలో ఒక లోపము తొలినుండియు కలదు. రాజధానియందలి కార్యాలయము రాజధానియందలి కళాశాలను పిలుచును. ఆ కళాశాల మరియొక రాజధానికి విమానమెక్కును. నడుమ నున్న గ్రామములకు వార్తాపత్రికయందలి ఛాయాపటమే మిగులును. ఆ పద్ధతిని ఒక్కమారు మార్చి, పలనాటిని నడిబొడ్డున నిలిపి, భారత సింహళ దేశముల నడుమ నొక కళోత్సవ ఋతువును నడుపదగునని మా అభిప్రాయము. దీనికి క్రొత్త ఒడంబడిక యక్కరలేదు. 1977 నవంబరు 29వ తేదీన ఢిల్లీలో సంతకములైన సాంస్కృతిక సహకారపు ఒప్పందము కలదు. 1998లో కొలంబోయందు నెలకొల్పబడిన భారత సాంస్కృతిక కేంద్రము కలదు. బౌద్ధసంబంధములను పెంపొందించుటకై కోటిన్నర డాలర్ల విరాళమిత్తుమని 2020లో మన ప్రభుత్వము సింహళమునకు మాట యిచ్చియున్నది.

పలనాడే యేల యని యడుగువారికి ప్రత్యుత్తరము రాతిమీద చెక్కబడియున్నది. మాచర్లకు చేరువనున్న నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకు రాజుల విజయపురి యుండెను. వీరపురుషదత్తుని పదునాలుగవ రాజ్యసంవత్సరమున, అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, గోవగామ వాస్తవ్యురాలగు బోధిసిరి యను ఉపాసిక చుళధమ్మగిరిమీద ఒక చైత్యగృహమును కట్టించి, దానిని తామ్రపర్ణి స్థవిరులకు, అనగా సింహళ భిక్షువులకు, సమర్పించినది. కాశ్మీరము, గాంధారము, చీనా, తోసలి, వంగము, వనవాసి, యవనదేశము మొదలగువానికి ధర్మమును కొనిపోయినవారని ఆమె వారిని కీర్తించినది. ఆ శాసనముననే సింహళ విహారమను పేరు వినబడుచున్నది. అచ్చట బోధివృక్షమునకు ఆలయము కట్టించినదియు ఆమెయే. ఘంటసాలయందు శిలామండపము, పూర్వశైలమున తటాకము, మరి యితర స్థలములయందు భిక్షువులకు గదులు, ఇట్లు ఆమె దానములు వరుసగా చెప్పబడినవి. ఆమె రాణి గాదు. గృహపతుల యింటి ఆడుబిడ్డ. నేటి భాషలో చెప్పవలసినచో మన పాఠకుల యిండ్లవంటి యింటిలో పుట్టినది. పొరుగుదేశపు సన్న్యాసులకు నిలువ నీడ కల్పించుటకు ఆమె రాజాజ్ఞకొరకు ఎదురుచూచినట్లు ఆ శాసనమున నెక్కడను లేదు.

మరియొక సాక్ష్యము. ఆ లోయయందే దొరకిన బుద్ధపాదముల పలకమీది శాసనము మహావిహారవాసులను పేర్కొనుచున్నది. మహావిహారము అనురాధపురమునందలి సుప్రసిద్ధ సంఘము. దాని శాఖ యొకటి కృష్ణాతీరమున నుండెనన్నమాట. ఇచ్చటినుండి అచ్చటికి పోయినది రాయి. పలనాటి సున్నపురాయి నునుపైనది, ఉలికి లొంగునది. అమరావతి శిల్పమంతయు దానితో నైనదే. ఆంధ్రదేశపు సున్నపురాతితో చెక్కిన బౌద్ధశిల్పములు లంకాద్వీపమునను దొరకినవి. ఓడలలో అంత బరువు నెత్తుకొని పోయినవారు వట్టి స్నేహమునకై పోయిరని యనుకొనరాదు. వర్తకము, విద్య, భక్తి అను మూడును ఒకే పడవ నెక్కినవి.

ఆ లోయ నేడు నీటిక్రింద నున్నది. 1926లో ఆ స్థలము పురావస్తు శాఖవారి కంటబడినది. లాంగ్‌హర్స్టు దొర 1927 మొదలు కొన్ని సంవత్సరములు త్రవ్వించెను. 1954 మొదలు 1960 వరకు సుబ్రహ్మణ్యము గారి యాధిపత్యమున తొందరతో సాగిన పెద్ద త్రవ్వకము, రానున్న జలాశయముతో పందెము వేసినట్లుండెను. 1955 డిసెంబరులో నెహ్రూ పండితుడు ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. కొన్ని కట్టడములను కొండమీదికిని అనుపునకును తరలించిరి, తక్కినవి మునిగినవి. ఆ నీరే మన పొలములకు వచ్చినది గనుక పలనాటి రైతు ఈ విషయమున ఫిర్యాదు చేయజాలడు; కాని ఋణము మాత్రము తీరలేదు. పంటకాలువ క్రింద బాగుపడిన మనము, ఆ కాలువకొరకు మునిగిన విహారములను గూర్చి మన పిల్లలకు ఎంత చెప్పుచున్నాము? నాగార్జునకొండ శిల్పములు 2023లో న్యూయార్కు నగరమునను, పిదప సియోలునను ప్రదర్శింపబడి వేలకొలది జనులచే చూడబడినవి. మాచర్ల పాఠశాల బాలుడు వానిని చూడవలెనన్నచో పడవ దొరకవలెను, గాలి యనుకూలింపవలెను.

ఇక ఏర్పాట్లమాట. మొదట కాలనిర్ణయము. కార్యాలయములవారు నిదానింపక వైశాఖ పూర్ణిమను ఎన్నుకొందురని మాకు భయము. బుద్ధజయంతి యనగానే వారికి మరియొక దినము తోపదు. వైశాఖమాసమున రెంటచింతల ఎండ యెట్టిదో యెరిగినవాడెవ్వడును కండి పట్టణపు చల్లని కొండలలో పెరిగిన మృదంగకారుని ఆ దినములలో పిలువడు. పలనాటికి అతిథులు రాదగిన కాలము కార్తికము. అప్పటికి జలాశయము నిండియుండును, ఎండ తగ్గియుండును. అన్నిటికంటె ముఖ్యముగా, కార్తిక అమావాస్య మొదలు ఐదుదినములు కారెంపూడిలో వీరుల తిరునాళ్లు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను దినముల క్రమము ఆబాలగోపాలమునకు తెలిసినదే. ప్రత్తితీత ఆ దినములలోనే వచ్చుననుట నిజము. ఐనను ఆ ఐదుదినములు కూలివాడును కామందును పొలమున కనబడరు గదా.

ప్రతిగా మనవారు పోవలసినది జ్యేష్ఠ పూర్ణిమకు. ఆ దినము మనకు ఏరువాక పున్నమ. సింహళమున అదియే పొసొన్ పండుగ. మహేంద్రుడు మిహింతలె కొండపై దిగి ధర్మము చెప్పిన దినమని వారు దానిని కొనియాడుదురు. ఇచ్చట నాగలి పూజింపబడు దినముననే అచ్చట మెట్లమీద దీపములు వెలుగుచుండును. ఆషాఢ శ్రావణములలో కండియందు దంతధాతు ఉత్సవము జరుగును. ఆ పెరహెరను ఇప్పటి రూపమునకు తెచ్చినవాడు కీర్తిశ్రీ రాజసింహుడు. 1739 నుండి 1815 వరకు కండి నేలిన నాయకరాజులు మధురనుండి పోయిన వడుగ కుటుంబములవారు. ఆయన వారిలో నొకడు. 1753లో సయాము దేశమునుండి భిక్షువులను రప్పించి సింహళ సంఘమును పునరుద్ధరించెను. మన యింటి పేరు ఇంతదూరము పోయిన సంగతి మనకే తెలియదు!

ఇప్పుడు మాకు మిక్కిలి కష్టముగ తోచు విషయమునకు వచ్చుచున్నాము. పలనాటి వీరుల కథను పాడువారు వీరవిద్యావంతులు. 1970 దశకమున జీన్ రోఘేర్ అను అమెరికా పండితుడు పలనాటికి వచ్చి, అలిసెట్టి గాలెయ్య పాడగా ఆ కథను యంత్రమున నెక్కించుకొని, ఆంగ్లమున పరివర్తించెను. 1982లో ఆక్స్‌ఫర్డునందు అది గ్రంథమైనది. దూరదేశపు పండితుడు కూర్చుండి రాత్రుల తరబడి వినెను. మనవారిలో పూర్తి కథను విన్నవారెందరు? వీరవిద్యావంతులలో పెక్కురు మాలలు. వీరుల గుడి ముంగిట వారికి గౌరవము. తిరునాళ్లు ముగిసిన మరునాడు ఆ గౌరవము ఏమగుచున్నదో నరసరావుపేట గురజాలల పెద్దలు తమ హృదయములనే యడుగవలెను. పిల్లలు ఆ విద్య నేర్వకున్నారని విచారపడువారు, నేర్చినవానికి సంవత్సరమున తక్కిన మాసములు గడచుటెట్లని విచారింపరు.

ఋతువు పేరిట ఈ గాయకులను కొలంబోకు తీసికొనిపోయి, రంగస్థలముపై పదునైదు నిమిషములు కత్తి త్రిప్పించి, పూలదండ వేసి పంపుట కంటె వారిని పిలువకుండుటయే మేలు. ఒక్క ఘట్టమునైనను సాంతముగా, ఒక పూర్తి రాత్రి పాడనిండు. సింహళ జనులకు ఇది వింతగాదు. రాత్రులు మేలుకొని పిరిత్ పారాయణము వినుట వారి వాడుక. పారితోషికము ముందుగా వ్రాతమూలకముగ నిర్ణయింపబడి, గాయకుని చేతికే నేరుగా ముట్టవలెను. ఇక కారెంపూడి ఆయుధములు, ఆ ఆచారములు ప్రదర్శనవస్తువులు గావు. అవి కదలరాదు, చూడగోరువారే రావలెను. ఆచారవంతుల సమ్మతి పొందకమునుపే కార్యక్రమపత్రము అచ్చువేయుట కూడదు.

వచ్చిన అతిథులకు భోజనము చాపకూడుగా నుండవలెను. బ్రహ్మనాయుని పేరు చెప్పుకొని ఉపన్యసించుట సులభము. సింహళపు భిక్షువు ఆ కథ విని, ఈ వంట యెవరు చేసిరి, పాడినవారు ఏ వరుసన కూర్చుండిరి అని యడిగినచో మనము తలవంచుకొనరాదు. అతడు మధ్యాహ్నము దాటిన పిదప భుజింపడు గనుక వేళయు గమనింపవలెను. మన విందులు రెండు గంటలకు మొదలగుట అందరెరిగినదే.

స్థలము విషయమున మాకు సందేహము లేదు. అనుపునకు తరలించి నిలిపిన ప్రాచీన రంగస్థలము కలదు. నలువైపుల మెట్లు, నడుమ బయలు. ఇట్టిది వేరొకచోట కట్టవలెనన్న లక్షలు కావలెను. కాని పురావస్తు శాఖ అనుమతి ముందుగా పొందవలసియుండును. మరియొక చిక్కు. జలాశయమునకు ఆవలి ఒడ్డు తెలంగాణము. అచ్చట 2022లో తెరువబడిన బుద్ధవనమున, సింహళ ప్రభుత్వము కానుకగా నిచ్చిన అవుకన బుద్ధుని ప్రతిరూపము నిలిచియున్నది. ఈవలి ఒడ్డున ద్వీపము, వస్తుప్రదర్శనశాల. రెండు దేశములను కలుపబోవు ఋతువు రెండు ఒడ్డులను కలుపలేకున్న నవ్వులపాలగును. అతిథి ఆవలనున్న తన దేశపు విగ్రహమును, ఈవలనున్న తన పూర్వుల విహారపు శాసనమును ఒకే దినమున, ఒకే టిక్కెట్టుపై, ఒకే పడవమీద చూడగలుగుట కనీసపు టేర్పాటు.

వ్యయమునకు సర్కారుపైననే యాధారపడుట తగదు. 2022లో ఆర్థికముగ కుప్పకూలి లేచుచున్న సింహళము సగము భారము మోయవలెనని కోరుట న్యాయముగాదు. ప్రయాణములు ప్రభుత్వము భరింపవచ్చును. బస, భోజనము, గాయకుల పారితోషికము పలనాటి కామందులును, మిల్లుల యజమానులును భరింపగలరు. మిరప ధర మంచిగా నున్న సంవత్సరమున వివాహమునకు వెచ్చించుదానిలో నిది యేపాటిది?

దుబాసీల సంగతి మిగిలియున్నది. ఆంగ్లముద్వారా రెండుమారులు మారిన కథలో రుచి చచ్చును. సింహళమున అహికుంటకులను పాములవాండ్ర జాతి కలదు. వారు ఇండ్లలో నేటికిని తెలుగు మాటలాడుదురు, బయట సింహళము మాటలాడుదురు.  వీరవిద్యావంతుని ప్రక్కన నిలిచి కథను సింహళమున చెప్పుటకు వారి యువకులలో నిద్దరు ముగ్గురిని ఎన్నుకొని, కార్తికమునకు ఆరుమాసములు ముందుగా కారెంపూడికి రప్పింపవలెను. వారి తెలుగు మన తెలుగుతో కుదురుకొనుటకు అంతకాలము పట్టును.