పొగకు శిక్షయా, వయస్సునకు శిక్షయా?

మోటారు బండ్ల పరీక్షా నిబంధనలు నానాటికి కఠినములగుచున్నవి. ఈ కాఠిన్యము డీసెలు బండ్లు గలవారిపై బడినంతగా మఱియెవరిపైనను బడుట లేదు. సరకు మోయు లారీ, జనులను మోయు బస్సు, పొలము దున్ను ట్రాక్టరు, పల్లెల నడుమ దిరుగు జీపు ప్రధానముగా డీసెలుతోడనే నడచుచున్నవి. కావున నిది కొలదిమంది లారీ యజమానుల గొడవ యని పాఠకులు తలంపరాదు. ధాన్యము మిల్లునకు జేరవలెనన్నను, మిరపకాయలు గుంటూరు యార్డునకు జేరవలెనన్నను డీసెలు బండి కదలవలెను. ఆ బండియే వెడలగ్రక్కు పొగను మన బిడ్డలు పీల్చుచున్నారు. ఈ రెండును సత్యములే. ఒకదానిని జెప్పి రెండవదానిని మఱుగుపఱచువారి వాదము మాకు సమ్మతము కాదు.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 56వ సెక్షను ననుసరించి కిరాయికి దిరుగు ప్రతి బండికిని యోగ్యతాపత్రము ఉండితీరవలెను. లారీవారు దీనినే ఎఫ్.సి. యందురు. బండికి ఎనిమిదేండ్లు నిండువఱకు రెండేండ్ల కొకమాఱును, పిమ్మట ఏటేటను దీనిని మార్పించుకొనవలెను. చిరకాలము ఈ పరీక్ష కంటిచూపుతోడనే సాగినది. జనులు బ్రేకు ఇన్‌స్పెక్టరని పిలుచు నుద్యోగి బండిచుట్టు దిరిగి, కొంతదూరము నడిపించి చూచి, సంతకము చేయుచుండెను. ఆయన న్యాయవర్తనుడైనచో పరీక్షయు న్యాయముగా నుండెడిది. కానిచో మామూలు చెల్లించిన బండికి బ్రేకులున్నట్లే లెక్క.

ఈ దురవస్థను మాన్పుటకై కేంద్రప్రభుత్వమువారు 2021 సెప్టెంబరులో యంత్రపరీక్షా కేంద్రముల నియమములను బ్రకటించిరి. ఈ కేంద్రములలో రోలరులపై జక్రములను నిలిపి బ్రేకుల బలమును యంత్రమే కొలుచును. దీపముల కాంతిని, పొగయొక్క దట్టదనమును యంత్రములే పరీక్షించును. పరీక్షించు సంస్థ బండ్ల మరమ్మతు వ్యాపారము గాని, విడిభాగముల విక్రయము గాని చేయరాదని కూడ నియమించిరి. పరీక్షలో దప్పిన బండిని బాగుచేయించి మరల దేవచ్చును. అప్పటికిని దప్పినచో నది యాయువు దీరిన బండిగా బరిగణింపబడును. తీర్పుపై నప్పీలునకును దారి గలదు. పెద్ద బండ్లకీ పద్ధతి 2023 ఏప్రిలు 1 నుండి విధాయకము కావలసియుండగా, గడువు 2024 అక్టోబరు 1 వఱకు బొడిగింపబడెను.

ఈ మార్పును మేము మనఃపూర్వకముగా హర్షించుచున్నాము. బ్రేకులు లేని లారీ రహదారిపై దిరుగుట యజమాని స్వాతంత్ర్యము కాదు. పరుల ప్రాణములతో నాడు జూదము. డీసెలు పొగ మాట చెప్పనేల? ప్రపంచారోగ్య సంస్థకు జెందిన కేన్సరు పరిశోధన సంస్థ 2012 జూనులో డీసెలు పొగను మానవులకు నిశ్చయముగా కేన్సరు గలిగించు పదార్థముల తరగతిలో జేర్చినది. ఈ పొగకు మొదట బలియగువారు ధనవంతులు కారు. రేయింబవళ్లు బండిలోనే గడపు డ్రైవరు, క్లీనరు, విజయవాడ ఆటోనగరులో ఇంజనుల నడుమ బనిచేయు మెకానిక్కు, రహదారి ప్రక్కను బండ్లమ్ముకొను స్త్రీ—వీరే ముందు పీల్చుచున్నారు. బీదల జీవనము పేరు చెప్పి పరీక్షలనే వలదనువారు ఈ బీదలను మఱచుచున్నారు.

అయినను న్యాయమైన పరీక్ష వేఱు, పరీక్ష పేరిట విధించు దండుగ వేఱు. 2021 అక్టోబరులో బ్రకటించి 2022 ఏప్రిలు 1 నుండి అమలు పఱుప నిశ్చయించిన పట్టికలో 15 యేండ్లు దాటిన పెద్ద లారీ యోగ్యతాపత్రమునకు 12,500 రూపాయల రుసుము విధించిరి. 2025 నవంబరులో వెలువడిన ప్రకటనలో 20 యేండ్లు దాటిన పెద్ద బండికి 25,000 రూపాయలని నిర్ణయించిరి. పాత చక్రమును ద్రిప్పుటకు రోలరునకు ఎక్కువ శ్రమ కలుగునా? పాత పొగగొట్టమున నుంచిన కొలత పరికరము ఎక్కువ యరుగునా? పరీక్ష యొకటియే యైనప్పుడు రుసుమునం దింత యంతరమేల? బండిని వదిలించుకొనునట్లు యజమానిని నిర్బంధించుటయే దీని యుద్దేశ్యమని వేఱుగ జెప్పనక్కఱలేదు. పూవు నలగకుండ దేనెను గ్రహించు తుమ్మెదవలె రాజు పన్ను గొనవలెనని మన పెద్దలు చెప్పిరి. ఇచ్చట రెక్కలే రాలుచున్నవి.

ఇంతకు నీ పాత లారీలు ఎవరివి? క్రొత్త లారీని గొనునది పెద్ద కంపెనీ. కొన్నియేండ్లు నడిపి దానిని రెండవవాని కమ్మును. అతడు మూడవవాని కమ్మును. ఆ మూడవవాడు తఱచుగా నొకప్పటి డ్రైవరే. ఆలి మెడలోని బంగారము కుదువబెట్టి, ఫైనాన్సు వాయిదాలకు దలయొగ్గి, ఒక్క లారీకి యజమాని యైనవాడు. కేంద్రము దూరముననున్నచో బండి పోవుటకు, వరుసలో నిలుచుటకు, తిరిగి వచ్చుటకు కిరాయి లేని దినములు గడచును. తప్పినచో మరమ్మతు, మరల ప్రయాణము. పాతబండిని దుక్కున కిచ్చి క్రొత్తది కొన్నవారికి కిరాయిబండ్ల విషయమున రహదారి పన్నులో నూటికి 15 వఱకు రాయితీ యుండవచ్చునని ప్రభుత్వమువారు నియమించిరి. కాని క్రొత్త లారీ వెల పదుల లక్షలలో నున్నది. కొనజాలనివానికి కొనుగోలు రాయితీ వలన నేమి ప్రయోజనము?

రుసుములో మొదలైన యీ వయోదృష్టి ఢిల్లీలో బహిష్కారము వఱకు బోయినది. జాతీయ హరిత న్యాయస్థానము 2015 ఏప్రిలులో ఆ ప్రాంతమున బదియేండ్లు దాటిన డీసెలు బండ్లు దిరుగరాదని యాజ్ఞాపించెను. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ యాజ్ఞను స్థిరపఱచెను. 2025 జూలై 1 నుండి అట్టి బండ్లకు ఢిల్లీ బంకులలో ఇంధనము పోయరాదను నియమము వచ్చి, ప్రజల యలజడిచే గొలది దినములలోనే వాయిదా పడెను. ఆ యాగస్టు 12న సుప్రీంకోర్టు, వయస్సొక్కటియే కారణముగా యజమానులపై బలవంతపు చర్య గూడదనెను. డిసెంబరులో ఆ రక్షణను భారత్ స్టేజి 4, అంతకు మీఁది ప్రమాణముల బండ్లకే పరిమితము చేసెను. ఈ చరిత్రలో నొక పాఠము గలదు. పదేండ్ల తర్వాత విచారణ బండి పుట్టిన తేదీనుండి యది పాటించు ప్రమాణమునకు మరలినది. మొదటనే యట్లు చేసియున్నచో, చక్కగా నడచు బండ్లను జవుకగా నమ్ముకొన్న కుటుంబముల కా నష్టము గలుగకుండెడిది.

పాత ఇంజను క్రొత్తదానికంటె నెక్కువ పొగ విడుచుట సాధారణమే. అందుచేతనే ఎనిమిదేండ్లు దాటిన బండిని ఏటేట పరీక్షింపవలెనని చట్టము చెప్పుచున్నది. వయస్సు అనుమానమునకు హేతువు కావచ్చును గాని తీర్పునకు హేతువు కాజాలదు.

విచిత్రమేమనగా, రుసుమునందు గఠినమైన విధానము పొగను గొలుచుటయందు మెత్తగా నున్నది. డీసెలు బండిని నిలిపి, ఇంజనును జోరుగా రేపి, పొగ వెలుతురు నెంత యడ్డగించునో చూచుటయే మన పొగ పరీక్ష. ఈ కొలతలో స్టేజి 4 బండ్లకు 1.62, అంతకు బూర్వపు బండ్లకు 2.45 మితి. నల్లని పొగను బట్టుట కిది చాలును. కంటికి గానరాని సన్నని మసికణములకు జాలదు. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట నమలులోనికి వచ్చిన స్టేజి 6 డీసెలు బండ్లలో ఆ కణములను బట్టుటకు జల్లెడవంటి పరికరమును అమర్చుచున్నారు. పట్టణములో గొంచెము కొంచెముగా దిరుగు బండ్లలో నది మసిచే మూసికొనిపోవును. దానిని మార్చుటకు వ్యయమెక్కువ. అందుచే గోసి పాఱవేయుదమను దుర్బుద్ధి పుట్టును. అట్టి మోసమును బట్టుటకే బెల్జియము 2022 జూలైలోను, నెదర్లాండ్సు 2023 జనవరిలోను, జర్మనీ 2023 జూలైలోను కణములను లెక్కించు యంత్రములను సాలుపరీక్షలలో బ్రవేశపెట్టినవి. పరీక్షాస్థలమున బుద్ధిగా నుండి రహదారిపై విషము గ్రక్కునట్లు ఇంజనులను రచించిన వోక్స్‌వాగన్ కంపెనీ బాగోతము 2015 సెప్టెంబరులో బయటపడినది. ఆ బండ్లు పాతవి కావు. దోషము వయస్సులో లేదని యింతకంటె నిదర్శనమేల?

యజమానులతోడను ఒక మాట చెప్పవలసియున్నది. బండిని దీసికొనిపోకయే పొగ సర్టిఫికెట్టు గొనుట, మోయదగినదానికి మించి సరకు నింపుట, ఇంజను నూనెను మార్చక యేడాది గడపుట, కల్తీ డీసెలు పోయించుట—ఇవి ప్రభుత్వము చేసిన తప్పులు కావు. వ్యవసాయపు ట్రాక్టరు కిరాయిబండి కాదు గనుక ఏటేటి ఎఫ్.సి. బాధ లేదని మన భూస్వాములు సంతసింపవచ్చును. పదునైదేండ్లకు రిజిస్ట్రేషను పొడిగింపునాడు దానికిని పరీక్ష తప్పదు. పొగగొట్టము నల్లబడిననాడే ఇంజను మీ డీసెలును వృథాగా మండించుచున్నదని తెలిసికొనుడు. మరమ్మతు చేయించుట మొదట మీ సొమ్మునకే రక్ష.

ప్రభుత్వమువారికి మా సూచనలు నాలుగు. పరీక్షా రుసుము పరీక్షకగు వ్యయమును మించరాదు. పాతబండికిని క్రొత్తబండికిని అది యొకటిగా నుండవలెను. ప్రతి జిల్లాలోను అందుబాటులో గేంద్రములు వెలసిన పిమ్మటనే వాటిని విధాయకము చేయవలెను. తప్పిన బండికి దోషమేమో తెలుగులో వ్రాసియిచ్చి, మరమ్మతునకు దగిన గడువొసగవలెను. కణములను లెక్కించు యంత్రములను దెచ్చి, పొగ పరీక్షను నిజమైన పరీక్షగా జేయవలెను. అట్టి పరీక్షలో దప్పిన బండి యెంత క్రొత్తదైనను నిలుపుడు. నెగ్గిన బండి యెంత పాతదైనను నడువనిండు.

ఎలుకలపై గోపముతో నింటికి నిప్పు పెట్టుకొనుట వివేకము కాదు. ఎలుకలున్నవనియే యొప్పుకొనకుండుటయు వివేకము కాదు. మన శాసనసభ్యులును, లారీ యజమానుల సంఘములును రుసుము తగ్గింపునొక్కదానినే కోరి యూరకుండక, నమ్మదగిన పరీక్షను గూడ గోరవలెను. అప్పుడే వారి మొఱ న్యాయమైనదని, పొగ పీల్చు జనులు సయితము వారి పక్షమున నిలుతురు.