నాలుగింట ఒకటి: ఆ మాటకు అర్థమేమిటి?

“నలుగురిలో ఒకరికే వస్తుందని డాక్టరు గారు చెప్పారు కదా! ఆ ఒక్కరూ మీ పెద్దబిడ్డే అయింది. ఇక పుట్టబోయే వారికి భయం లేదు.”

తలసీమియాతో బాధపడే బిడ్డ ఉన్న ఇంట్లో బంధువులు ఇలా ఓదార్చవచ్చు. చెప్పేవారి మనసు మంచిదే. లెక్క మాత్రం తప్పు. దానిని నమ్మిన దంపతులు పరీక్షల అవసరం లేదనుకొని మరల అదే దుఃఖానికి గురి కావచ్చు. కనుక సంభావ్యతా శాస్త్రంలోని తొలి పాఠాలను ఈ ఉదాహరణతోనే తెలుసుకుందాం.

బీటా తలసీమియా అంటువ్యాధి కాదు; హిమోగ్లోబిన్ తయారీకి సంబంధించిన జన్యులోపం. ఈ జన్యువు ప్రతి మనిషిలోనూ రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తల్లి నుండి, మరొకటి తండ్రి నుండి వస్తుంది. ఒక్క ప్రతిలోనే లోపమున్నవారు వాహకులు. వారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. మహా అయితే కొద్దిపాటి రక్తహీనత కనిపిస్తుంది. రెండు ప్రతులలోనూ లోపమున్న బిడ్డకు వ్యాధి తీవ్రరూపం దాల్చితే, కొన్ని వారాలకొకసారి చొప్పున జీవితాంతం రక్తం ఎక్కించవలసి వస్తుంది.

నాలుగు అవకాశాలు

తల్లిదండ్రులిద్దరూ వాహకులనుకోండి. ఇద్దరూ చెరొక నాణెం ఎగురవేసినట్లే. బొమ్మ పడితే మంచి ప్రతి, బొరుసు పడితే లోపమున్న ప్రతి బిడ్డకు చేరుతుంది. ఫలితాలు నాలుగే: బొమ్మ-బొమ్మ, బొమ్మ-బొరుసు, బొరుసు-బొమ్మ, బొరుసు-బొరుసు. నాలుగింటికీ సమానావకాశం ఉన్నది. వ్యాధి సంభావ్యత నాలుగింట ఒకటి, అనగా 25 శాతం. వాహకుడయ్యే సంభావ్యత 50 శాతం. లోపమేమీ లేకపోవటానికి 25 శాతం.

నాణేనికి జ్ఞాపకముండదు

ప్రతి గర్భధారణలోనూ నాణేలు కొత్తగా ఎగురుతాయి. మొన్న ఏమి పడిందో వాటికి తెలియదు. ఇటువంటి వాటినే స్వతంత్ర ఘటనలంటారు. కనుక రెండవ బిడ్డకూ 25 శాతమే, మూడవ బిడ్డకూ 25 శాతమే. “నలుగురిలో ఒకరు” అనేది ఇటువంటి వేలాది కుటుంబాల పిల్లలను కలిపి చూసినప్పుడు కనిపించే సగటు. ఒక్క ఇంటికి ఇచ్చిన హామీ కాదు.

మరొక లెక్క చూడండి. ఒక బిడ్డ వ్యాధి లేకుండా పుట్టే సంభావ్యత 3/4. ముగ్గురూ అలా పుట్టే సంభావ్యత ఆ భిన్నాన్ని మూడుమార్లు గుణిస్తే వచ్చే 27/64, అనగా సుమారు 42 శాతం. అంటే ముగ్గురిలో కనీసం ఒకరికి వ్యాధి వచ్చే సంభావ్యత సుమారు 58 శాతం!

సమాచారం లెక్కను మార్చుతుంది

మన దేశంలో వాహకులు సగటున నూటికి ముగ్గురు నలుగురని అంచనా. కాని ఒక యువకుడు వాహకుడని తేలితే, అతని మామూ లేదా ఖాలా కుమార్తె కూడా వాహకురాలయ్యే సంభావ్యత సుమారు ఎనిమిదింట ఒకటి, అనగా 12 శాతం పైమాటే. ఒకే తాత, నానమ్మల లేక అమ్మమ్మల నుండి ఆ లోపం ఇద్దరికీ చేరి ఉండవచ్చు. తెలిసిన విషయాన్నిబట్టి మారే ఈ లెక్కే షరతుతో కూడిన సంభావ్యత. దగ్గరి బంధువుల మధ్య సంబంధం కలుపుకునే కుటుంబాలు దీనిని మరింత శ్రద్ధగా గమనించాలి.

అయితే అంచనాలతో ఆగిపోనవసరం లేదు. ఏ2 హిమోగ్లోబిన్‌ను కొలిచే రక్తపరీక్షతో వాహకులెవరో చాలావరకు తేలిపోతుంది. ఇరాన్ 1997లోనూ, సౌదీ అరేబియా 2004లోనూ వివాహానికి ముందు ఈ వ్యాధికి పరీక్షను తప్పనిసరి చేశాయి. ఒక్కరే వాహకులైతే బిడ్డకు తీవ్రమైన తలసీమియా భయం దాదాపు లేనట్లే. ఇద్దరూ వాహకులని తేలితే, ముందుగానే వైద్యుల సలహాతో ఆలోచించుకొనే వ్యవధి దొరుకుతుంది.

వాహకుడు కావటం ఎవరి తప్పూ కాదు, అవమానమూ కాదు. నిఖా మాటలు మొదలైనప్పుడే ఇరుపక్షాల పెద్దలూ ఈ పరీక్ష మాట కూడా ఎత్తటం రేపటి బిడ్డపట్ల చూపే కరుణ.