టెలిపతీకి క్వాంటమ్ సిగ్నల్ ఉందా?

ఫ్రెండ్ గురించి అనుకుంటుండగానే ఫోన్ వస్తుంది. 'నీకు నూరేళ్ళాయుష్షు' అంటాం. ఈమధ్య రీల్స్ మాత్రం 'ఇది క్వాంటమ్ ఎంటాంగిల్‌మెంట్' అంటున్నాయి. నిజమేనా?

ఈ ఆలోచన మొదలుపెట్టింది ఆషామాషీ మనుషులేం కాదు. బ్లాక్ హోల్స్‌పై పరిశోధనకి 2020లో నోబెల్ అందుకున్న రోజర్ పెన్‌రోజ్, 1989లోనే ఓ పుస్తకంలో మెదడు కేవలం కంప్యూటర్ కాదనీ, స్పృహ వెనక క్వాంటమ్ ఫిజిక్స్ ఉండొచ్చనీ వాదించారు. రోజూ కోడ్ రాసే నాలాంటివాళ్ళకి ఇది భలే ఆసక్తి పుట్టించే మాట. తర్వాత అమెరికాలోని అరిజోనా యూనివర్సిటీ మత్తు డాక్టర్ స్టువర్ట్ హామెరాఫ్ ఆయనతో కలిశారు. న్యూరాన్లలో ఉండే సన్నటి ప్రోటీన్ గొట్టాల్లో, అంటే మైక్రోట్యూబ్యూల్స్‌లో ఆ పని జరుగుతుందన్నారు.

చిక్కెక్కడంటే, క్వాంటమ్ స్థితి మహా సున్నితం. కాస్త వేడి తగిలినా చెదిరిపోతుంది. అందుకే గూగుల్, ఐబీఎం తమ క్వాంటమ్ చిప్‌లను మైనస్ 273 డిగ్రీల దగ్గరదాకా చల్లబరుస్తాయి. మన మెదడేమో 37 డిగ్రీల వేడిలో, తడితడిగా ఉంటుంది. అక్కడ ఆ స్థితి సెకనులో లక్ష కోట్లవ వంతు కూడా నిలవదని 2000లో మ్యాక్స్ టెగ్‌మార్క్ లెక్కగట్టారు. న్యూరాన్ స్పందించడానికేమో మిల్లీసెకను కావాలి. ఆ లెక్క సరికాదని 2002లో హామెరాఫ్ బృందం జవాబిచ్చింది. వాదన ఇంకా తెగలేదు. అంటే ఇది ఇప్పటికి రుజువు కాని ఊహే.

టెలిపతీ సంగతి వేరు. ఎంటాంగిల్ అయిన రెండు కణాలను ఇద్దరు కొలిస్తే ఫలితాల మధ్య పొంతన ఉంటుంది, నిజమే. కానీ ఎవరికి ఏ ఫలితం వస్తుందో బొమ్మా బొరుసా లాంటిది, మన చేతిలో ఉండదు. ఇక దాంతో మెసేజ్ ఎలా పంపుతాం? పొంతన ఉందని తెలియాలన్నా ఇద్దరూ ఫోన్ చేసుకుని పోల్చుకోవాల్సిందే!

మరి ప్రయోగాలు? 2011లో కార్నెల్ సైకాలజిస్ట్ డారిల్ బెమ్, వెయ్యిమందికి పైగా పాల్గొన్న 9 ప్రయోగాలు చేసి, మనుషులు భవిష్యత్తును పసిగడుతున్నట్టు ప్రకటించారు. 2012లో వేరే పరిశోధకులు మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. తలుచుకున్నా మోగని ఫోన్లు మనకి గుర్తుండవు కదా!

ఇదంతా కాలక్షేపమైతే పర్లేదు. మా పిన్ని 'క్వాంటమ్ హీలింగ్' క్లాసుకి డబ్బు కట్టి, థైరాయిడ్ మాత్రలు ఆపేయొచ్చా అని అడిగింది. పెన్‌రోజ్ మాత్రలు మానమని ఎక్కడా చెప్పలేదు పిన్నీ అన్నాను. ఎవరైనా 'క్వాంటమ్' అంటే మీరూ రెండే అడగండి: ఏం కొలిచారు? వేరేవాళ్ళు కొలిచినా అదే వచ్చిందా?