కరివేపాకుకు ఎంత కుండీ కావాలి?

మస్కట్‌కి వచ్చాక నేను రెండు కరివేపాకు మొక్కల్ని చంపాను. మూడోది బతికింది. ఇప్పుడు అది నా నడుం దాటి పెరిగింది. మొదటి రెండూ ఎందుకు పోయాయో, మూడోది ఎలా నిలిచిందో మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను. డర్బన్‌లోనో మారిషస్‌లోనో పెరట్లో చెట్టు ఉన్నవాళ్ళు, ఇదంతా మాకెందుకు అనుకోవచ్చు. కానీ మన పిల్లలు ఇప్పుడు పెరడు లేని ఇళ్ళకే వెళ్తున్నారు. ఒక కిటికీ, ఒక ఏసీ, ఒక మూల కాస్త చోటు, అంతే. చదివాక వాళ్ళకి పంపండి.

మా అమ్మ ఇంటి కరివేపాకు చెట్టు మా అవ్వ చెట్టు పిలక. అవ్వ చెట్టు టోంగాట్ చెరకు తోట దగ్గర ఉండేది. మా ఇంట్లో ఎవరికైనా పెళ్ళై వేరు కాపురం పెడితే ఒక పిలక తవ్వి ఇచ్చేవారు. నేల మీద పెరిగే చెట్టుకి ఎవరూ ఏమీ చేయరు కదా. ఆకు కోసుకోవడమే. అందుకని ఉద్యోగానికి ఒమన్ వచ్చేదాకా, కరివేపాకు గురించి నాకు అంతా తెలుసు అనుకున్నాను. తెలిసింది కోయడం ఒక్కటే.

ఆ పిలకని పెట్టెలో పెట్టుకుని తెచ్చుకుందామని ఒకసారి అనుకున్నాను. తేకండి. కరివేపాకు నిమ్మ జాతి మొక్క. నారింజ, నిమ్మ తోటల్ని పాడుచేసే గ్రీనింగ్ తెగులుని మోసే చిన్న పురుగు దీని మీద కూడా బతుకుతుంది. అందుకే చాలా దేశాలు ధ్రువపత్రం లేని మొక్కని లోపలికి రానివ్వవు. పైగా ఒమన్ వాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. బాతినా తీరంలో నిమ్మ తోటలు ఎన్నో 'మంత్రగత్తె చీపురు' అనే తెగులుకి పోయాయి. కొమ్మ చివర్న చిన్న చిన్న రెమ్మలు గుంపుగా పుట్టి, చీపురుకట్టలా అయి, చెట్టు ఎండిపోతుంది. ఆ తోటల మీద బతికినవాళ్ళ దేశానికి మనం దొంగచాటుగా మొక్క తేకూడదు. ఇక్కడి నర్సరీల్లోనే కరివేపాకు దొరుకుతుంది. కొనుక్కోండి.

నేను అలాగే కొన్నాను. నాలుగు అంగుళాల సంచిలో జానెడు మొక్క. దానికి మంచి ఇల్లు ఇవ్వాలని పద్నాలుగు అంగుళాల పెద్ద కుండీ కొన్నాను. ఎలాగూ పెరుగుతుంది కదా, మళ్ళీ మళ్ళీ మార్చడం ఎందుకు అనుకున్నాను. పిల్లవాడికి పదేళ్ళకి సరిపోయే చొక్కా కుట్టించినట్టు. అడుగున గులకరాళ్ళు కూడా పోశాను, నీళ్ళు దిగుతాయని. ఆరు వారాల్లో ఆకులు పసుపు రంగుకి తిరిగి రాలిపోయాయి. నేను నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పోశాను. చివరికి లాగితే చేతికి వచ్చేసింది. వేళ్ళు నల్లగా, మెత్తగా, వాసన.

నేను లెక్కల టీచర్ని. ఈ లెక్క ముందే వేసుకుని ఉండాల్సింది. కుండీ అడ్డం, ఎత్తు రెండూ పెరుగుతాయి కాబట్టి, అంగుళాలు రెట్టింపు అయితే లోపల పట్టే మట్టి ఎనిమిది రెట్లు అవుతుంది. నాలుగు నుంచి పద్నాలుగుకి వెళ్తే నలభై రెట్లకి పైనే. ఆ మట్టి అంతటినీ నేను తడిపాను. ఆ నీళ్ళని తాగడానికి ఉన్నది గుప్పెడు వేళ్ళు. బయట ఎండలో ఉంటే మట్టి కొంత ఆరేది. ఏసీ గదిలో, అద్దం వెనక, ఆ లోపలి మట్టి వారం దాటినా ఆరలేదు. వేరుకి నీళ్ళెంత కావాలో గాలీ అంతే కావాలి. మట్టిలో గాలి ఉండాల్సిన ఖాళీలన్నీ నీళ్ళతో నిండితే వేరు ఊపిరాడక కుళ్ళుతుంది.

గులకరాళ్ళ మాట కూడా చెప్తాను, ఎందుకంటే ఇది మన పెద్దవాళ్ళందరూ చెప్పేదే. ఒక స్పాంజిని తడిపి బల్ల మీద పెట్టండి. కారడం ఆగిపోయాక కూడా అడుగు భాగంలో నీళ్ళు నిలిచి ఉంటాయి. ఇప్పుడు దాన్ని గులకరాళ్ళ మీద పెట్టండి. అదే తడి, అక్కడే ఉంటుంది. సన్నని మట్టిలోంచి నీళ్ళు పెద్ద ఖాళీల్లోకి తొందరగా దిగవు. పైమట్టి పూర్తిగా నానితేనే దిగుతాయి. కాబట్టి రాళ్ళు పోస్తే తడి పొర కిందకి పోదు, వేళ్ళకి ఇంకా దగ్గరవుతుంది. కుండీకి చిల్లు ఉంటే చాలు. మట్టి జారకుండా ఒక వలగుడ్డ ముక్క వేయండి. ఈ ప్రయోగం నేను ఏడో తరగతి పిల్లలకి చేసి చూపించాను. మొక్క చచ్చినందుకు అదొక్కటే లాభం.

రెండోది దీనికి తిరగబడి పోయింది. భయపడి, కొన్న సంచిలోనే ఏడాదిన్నర ఉంచేశాను. మొదట్లో బాగానే ఉంది. తర్వాత పొద్దున పోసిన నీళ్ళు మధ్యాహ్నానికే ఆరిపోయేవి. పోసిన నీళ్ళు పోసినట్టే అడుగు నుంచి కారిపోయేవి. కొత్త చిగురు లేదు. అప్పుడు జూన్ వచ్చింది. మస్కట్ జూన్ గురించి తెలియనివాళ్ళకి ఒక్క మాట: ఇక్కడికి దగ్గరలోని ఖురియాత్‌లో 2018 జూన్ 26న రోజంతటిలో అతి తక్కువగా నమోదైన వేడే 42.6 డిగ్రీలు. రాత్రి కూడా అంతకంటే దిగలేదు. వేసవిలో డాబా మీద ట్యాంకు నీళ్ళు మరిగి, కుళాయి తిప్పితే చేయి కాలుతుంది. మేమంతా గీజరు ఆపేసి, దానిలో నిలవున్న నీళ్ళనే చల్లనీళ్ళుగా వాడుకుంటాం. ఒక సాయంత్రం తొందరలో కుళాయి నీళ్ళు నేరుగా పోసేశాను. మర్నాటికి మొక్క వడిలిపోయింది. వేసవిలో మొక్కల నీళ్ళు రాత్రే బక్కెట్లో పట్టి, గదిలో ఉంచి, పొద్దున పోయండి.

మూడో మొక్కకి గురువు దొరికింది. మా బిల్డింగులో పై అంతస్తులో ఒక ఇంట్లో పని చేసే కడప జిల్లా ఆవిడ. నాకంటే పదేళ్ళు చిన్నది. నేను చెల్లెమ్మా అంటాను, ఆవిడ నన్ను టీచరమ్మా అంటుంది. నా తెలుగు గుడి బడి తెలుగు. ఆదివారం పూట వరండాలో చాప మీద కూర్చుని నేర్చుకున్నది. పద్యం అప్పజెప్పగలను కానీ మట్టి పనికి మాటలు రావు. మొదటిసారి లిఫ్టులో కలిసినప్పుడు "నేను ఈ మొక్కను మరియొక పాత్రలోనికి మార్చవలెను" అన్నాను. ఆవిడ నవ్వు ఆపుకోలేక, "కుండీ మార్చాలని చెప్పండి టీచరమ్మా, చాలు" అంది. అలా నాకు మాటా వచ్చింది, పనీ వచ్చింది.

ఆవిడ మొక్కలు మూడూ పెయింటు డబ్బాల్లో ఉండేవి. మేకుతో అడుగున చిల్లులు. తులసి, మిరప, కరివేపాకు. ఆవిడకి అంగుళాల లెక్క లేదు. "రెండు వేళ్ళు సందు ఉండాల. అంతే" అనేది. వేళ్ళ ముద్దకీ కొత్త కుండీ గోడకీ మధ్య చుట్టూ వేలెడు, రెండు వేళ్ళ మందం. తర్వాత పుస్తకాల్లో చూస్తే అక్కడా అదే ఉంది. ఒక్కో మార్పుకి రెండు అంగుళాలు పెంచాలి. నాలుగు నుంచి ఆరు, ఆరు నుంచి ఎనిమిది, తర్వాత పది, పన్నెండు. ఆరు నుంచి ఎనిమిదికి మార్చినా మట్టి రెండింతలకి పైన పెరుగుతుంది, తక్కువేమీ కాదు.

ఎప్పుడు మార్చాలో మొక్కే చెప్తుంది. అడుగు చిల్లులోంచి వేరు బయటికి తొంగి చూస్తుంది. నీళ్ళు నిలవకుండా జారిపోతాయి. మొక్క పైన బరువై కుండీ ఒరుగుతుంది. మెల్లగా బయటికి తీసి చూస్తే మట్టి కనబడకుండా తెల్లటి వేళ్ళు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. మట్టి విడిపోయి రాలిపోతే ఇంకా వేళ కాలేదు, మళ్ళీ అందులోనే పెట్టేయండి. ఇక్కడ కాలమైతే ఫిబ్రవరి చివర, లేదా ఎండ తగ్గాక అక్టోబరు. డిసెంబరులో వద్దు, కరివేపాకు చలికి నిద్రపోతుంది, కొత్త వేరు వేయదు. మే నుంచి ఆగస్టు దాకా అసలే వద్దు. సెలవులకి ఊరెళ్ళే ముందు రోజు మార్చి వెళ్ళడం మా టీచర్లందరం చేసే తప్పు.

ముందు రోజు నీళ్ళు పోసి ఉంచండి. కుండీ చుట్టూ అరచేత్తో తట్టి, పక్కకి వంచి, కాండాన్ని లాగకుండా ముద్ద మొత్తం జారేలా తీయండి. చుట్టుకున్న వేళ్ళని వేళ్ళతో విడదీయండి. మరీ గట్టిగా బిగిసి ఉంటే పదునైన చాకుతో పక్కల్లో మూడు నాలుగు చోట్ల నిలువుగా గీత పెట్టండి. నాకు మొదట చేయి వణికింది. చెల్లెమ్మ చాకు తీసుకుని వంకాయ కోసినట్టు గీసేసింది. గీయకపోతే ఆ వేళ్ళు కొత్త మట్టిలోకి పోకుండా పాత చుట్టే తిరుగుతుంటాయి. పాత మట్టి మట్టం ఎంతవరకు ఉందో కొత్త కుండీలోనూ అంతే ఉండాలి, మెడ పూడ్చకూడదు. అంచుకి ఒక అంగుళం ఖాళీ వదలాలి నీళ్ళకి. బాగా తడిపి, పది రోజులు నీడలో ఉంచండి. నెల దాకా ఎరువు వేయకండి.

మట్టికి సముద్రపు ఇసుక తేకండి, ఉప్పు. నేను రెండు పాళ్ళు నర్సరీ మట్టి, ఒక పాలు కొబ్బరి పొట్టు, ఒక పాలు పెర్లైట్, ఒక పాలు బాగా మాగిన కంపోస్టు కలుపుతాను. ఇక్కడి మట్టిలో సున్నం ఎక్కువ. ఈనెలు పచ్చగా ఉండి ఆకు మధ్యలో పాలిపోతే అది ఇనుము అందకపోవడం. నర్సరీలో చీలేటెడ్ ఐరన్ అని అడగండి.

కుండీ ఏది? గదిలో ఉంచేవాళ్ళు, నీళ్ళు ఎక్కువ పోసే చేయి ఉన్నవాళ్ళు మట్టి కుండీ తీసుకోండి. గోడలోంచి తడి ఆరుతుంది. ప్లాస్టిక్ తేలిక, తడి నిలుపుతుంది, కానీ బాల్కనీలో నల్ల ప్లాస్టిక్ ఎండకి కాలి వేళ్ళని ఉడికిస్తుంది. నా ఎనిమిది అంగుళాల కుండీ బహ్లాది. బహ్లా కుమ్మరులు ఒమన్‌లో పేరున్నవాళ్ళు, కోట పక్క ఊరు. నీళ్ళ కోసం చేసినది కాబట్టి చిల్లు లేదు. రాత్రంతా నానబెట్టి, గోడకి వాడే డ్రిల్ బిట్‌తో నెమ్మదిగా వేశాను. ఒకటి పగిలింది. అది చెప్పాలి కదా.

అన్ని మొక్కలకీ ఈ మెట్లు అవసరం లేదు. మిరప ఒక్క ఏడాదిలో పరుగెత్తేది, నారు నుంచి నాలుగుకి, అక్కడి నుంచి నేరుగా పది, పన్నెండుకి వెళ్ళొచ్చు. తులసికి ఎనిమిది చాలు. కొత్తిమీరకి కుండీ మార్చకండి, దాని తల్లివేరు కదిపితే అలుగుతుంది. ఎక్కడ మొలవాలో అక్కడే విత్తండి. మెంతికూరకి నాలుగు అంగుళాల లోతు పళ్ళెం చాలు.

ఇక్కడ ఒక ఇంటి మాట. డర్బన్‌లో మా అక్క కొడుకు ఖాళీ గదిలో దీపాలు పెట్టి గంజాయి మొక్కలు పెంచుతున్నాడు. 2018 సెప్టెంబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం పెద్దవాళ్ళు సొంతానికి ఇంట్లో పెంచుకోవచ్చంది కదా. "పిన్నీ, ఎంత కుండీ కావాలి?" అని నన్నే అడిగాడు. మిరపకి చెప్పిందే చెప్పాను, వేరుకి మొక్క పేరు తెలియదు. మా అక్క నాతో వారం మాట్లాడలేదు. వాడికి ఇంకోటి కూడా చెప్పాను. 1870లో నాటాల్ ప్రభుత్వం కూలీలు ఆ మొక్కని తాగకూడదు, దగ్గర ఉంచుకోకూడదు అని చట్టం చేసింది. కూలీలంటే మనవాళ్ళే. ఒమన్‌లో మాత్రం ఆ ఊసే వద్దు. ఇక్కడ చట్టం చాలా కఠినం. ఊరి నుంచి వచ్చేవాళ్ళు సంచి అడుగున ఒక గింజ కూడా లేకుండా చూసుకోండి.

పోయిన అక్టోబరులో చెల్లెమ్మ కాంట్రాక్టు అయిపోయింది. మా ముత్తాతకి అయిదేళ్ళు రాసి ఇచ్చిన కాగితం ఉండేది, ఈవిడది రెండేళ్ళది, రెండుసార్లు పొడిగించారు. వెళ్ళడానికి నాలుగు రోజుల ముందు, ఒక శుక్రవారం, పెయింటు డబ్బా పట్టుకుని కిందకి వచ్చింది. తులసి, మిరప ఎవరికో ఇచ్చేసింది. కరివేపాకు నాకు. డబ్బా ఒక పక్క తుప్పు పట్టి పొడిగా రాలుతోంది. వంటింట్లో పాత పేపర్లు పరిచి ఇద్దరం కూర్చున్నాం. కత్తెరతో డబ్బాని చీల్చితే, లోపల వేళ్ళు డబ్బా ఆకారంలోనే గట్టిపడి ఉన్నాయి. ఈసారి చాకు నా చేతికి ఇచ్చింది. "మీరే గీయండి టీచరమ్మా, నేను చూడలేను" అంది. నాలుగు చోట్ల గీశాను. ఎనిమిది అంగుళాలు పెద్దదవుతుందని ఆరు అంగుళాలదే తీశాను. ఆవిడ మట్టి నొక్కింది, నేను నీళ్ళు పోశాను. చేతులు కడుక్కుని, టీ తాగి, పైకి వెళ్ళిపోయింది.

మూడు వారాలు ఒక్క ఆకు కూడా మిగలకుండా రాల్చేసింది. నేను చంపిన వాటి లెక్క మూడు అవుతుందేమో అనుకున్నాను. ఆవిడ ఊరి నుంచి ప్రతి ఆదివారం ఫోనులో గొంతు రికార్డు చేసి పంపేది, "చిగురేసిందా?" అని. గోటితో కాండం గీకి చూస్తే లోపల పచ్చగానే ఉంది. నీళ్ళు తగ్గించి, తూర్పు కిటికీ దగ్గర పెట్టి ఊరుకున్నాను. నవంబరు ఆఖరికి కింద నుంచి, మట్టికి కాస్త పైన, ఎర్రటి చిగురు ఒకటి వచ్చింది. ఫొటో తీసి పంపాను. "అది రెండు ఆకులు వేసేదాకా ముట్టుకోవద్దు" అని జవాబు వచ్చింది. ఇప్పుడు దానికి ఏడు రెమ్మలు. అడుగు చిల్లులోంచి ఒక వేరు బయటపడింది. ఫిబ్రవరి చివర్న ఎనిమిదికి మారుస్తాను.