టర్బో ట్రాక్టర్లలో గాలి లీకుల నిర్ధారణ - కర్నూలు, కడప మెట్ట ప్రాంతాల్లో గమనించవలసిన అంశాలు

కోయిలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడి భూముల్లో శనగ పంట నేలలో నిలిచిన తేమపైనే ఆధారపడుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో పదును దొరికే రోజులు కొద్దివే. ఆ రోజుల్లో ట్రాక్టరు మూలనపడితే విత్తనం పొడి మట్టిలో పడుతుంది. సస్యశాస్త్రానికి చెందిన వ్యక్తి ఇంజను గురించి రాయడమేమిటని పాఠకులకు సందేహం కలగవచ్చు. దానికి కారణం ఒక ప్రదర్శన క్షేత్రంలో ఎదురైన అనుభవం.

వేసవి లోతు దుక్కి ప్రదర్శనలో ఒక మడి రెక్క నాగలితో అనుకున్న లోతుకు దున్నబడింది. పక్క మడిలో మరో ట్రాక్టరుతో దున్నినప్పుడు లోతు క్రమంగా తగ్గుతూ పోయింది. నేల గట్టిగా ఉన్నందువల్లనే అలా జరిగిందని మొదట రాసుకున్నాము. ట్రాక్టరు మాత్రం నల్లటి పొగ విడుస్తూ, గేరు తగ్గించినా ముక్కుతూనే ఉంది. టర్బో పోయిందనీ, కొత్తది వేయాలనీ మెకానిక్ చెప్పగా, రైతు అప్పు కోసం తిరగడం మొదలుపెట్టాడు. చివరకు తేలింది ఇంటర్‌కూలరు నుంచి మానిఫోల్డుకు వెళ్లే రబ్బరు హోసు అడుగుభాగాన ఉన్న చీలిక. పైనుంచి చూస్తే అది కనిపించదు. హోసు మార్చిన మరునాడు అదే నేలలో అదే నాగలి లోతుకు దిగింది. మా పుస్తకంలో రాసుకున్న నేల గట్టిదనం ఏమైనట్లు?

లీకు ఎక్కడ ఉన్నదనేదే ముఖ్యం

సైలెన్సరు వైపు వెళ్లే వేడి వాయువులు టర్బైనును తిప్పుతాయి. అదే ఇరుసుపై ఉన్న కంప్రెసరు గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. కనుక గాలి మార్గంలో రెండు భాగాలు ఉంటాయి. ఎయిర్ క్లీనరు నుంచి కంప్రెసరు వరకు పీల్చే భాగం, అక్కడినుంచి ఇంజను వరకు ఒత్తిడి భాగం. ఈ రెండింటి లీకులు పూర్తిగా వేరు వేరు జబ్బులు.

ఒత్తిడి భాగంలో లీకు ఉంటే గాలి బయటకు పోతుంది. డీజిలు పూర్తిగా కాలక నల్లపొగ వస్తుంది, శక్తి తగ్గుతుంది, బరువు మీద 'ఉస్' మనే శబ్దం వినవస్తుంది. రైతుకు ఇది వెంటనే తెలుస్తుంది. పీల్చే భాగంలో లీకు అలా తెలియదు. శక్తి తగ్గదు, పొగ రాదు, కాని వడకట్టని దుమ్ము లోపలికి పోతుంది. మూడు లీటర్ల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరిగితే, సిద్ధాంతరీత్యా గంటకు 180 ఘనపు మీటర్ల గాలిని పీలుస్తుంది. టర్బో ఉంటే ఇంకా ఎక్కువ. రోటవేటరు వెనుక లేచే దుమ్ములో ఉన్న ఇసుక రేణువులు కంప్రెసరు రెక్కల అంచులను, పిస్టను రింగులను అరగదీస్తాయి. ఇంజను ఆయిలు తాగడం మొదలుపెట్టే నాటికి జరగవలసిన నష్టం జరిగిపోయి ఉంటుంది. నా అభిప్రాయంలో మన ప్రాంతానికి ఈ రెండవదే పెద్ద ప్రమాదం.

పొగను చదివే విధం

శక్తి తగ్గి నల్లపొగ వస్తే గాలి తక్కువైందని, లేదా డీజిలు ఎక్కువైందని భావించాలి. శక్తి తగ్గినా పొగ లేకపోతే ముందుగా డీజిలు ఫిల్టరును చూడాలి. అయితే దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి. కొన్ని పాత తరహా డీజిలు పంపులకు మానిఫోల్డు నుంచి ఒక సన్నని గొట్టం వస్తుంది. బూస్టు ఒత్తిడిని బట్టి పంపు డీజిలును పెంచుతుంది. ఆ సన్నని గొట్టం తెగితే డీజిలు పెరగదు. శక్తి తగ్గుతుంది గాని పొగ రాదు. రెండవది, 2023 జనవరి నుంచి 50 హెచ్.పి. పైబడిన ట్రాక్టర్లకు ట్రెమ్ నాలుగవ దశ ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఎలక్ట్రానిక్ నియంత్రణ గల ఇంజన్లలో గాలి తగ్గితే కంప్యూటరే డీజిలును తగ్గిస్తుంది. పొగ కోసం ఎదురుచూస్తే లీకు దొరకదు.

42 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత 25 డిగ్రీల కంటే సుమారు 5 శాతం తక్కువ. మే నెలలో కొద్దిపాటి మందగింపు సహజమే. దానిని లీకుగా భ్రమపడరాదు.

పరీక్షించే క్రమం

మొదట కంటితో చూడాలి. ఈ విషయంలో మన దుమ్మే మనకు సాయం చేస్తుంది. ఒత్తిడి భాగంలో గాలితోపాటు సన్నని ఆయిలు తుంపర ఉంటుంది. లీకు ఉన్నచోట అది బయటికి చిమ్మి, దుమ్ము అంటుకొని నల్లటి చారగా కనిపిస్తుంది. హోసుల అడుగుభాగాన్ని వేళ్లతో తడిమి చూడాలి. ఎండకు గట్టిపడిన రబ్బరు, అతిగా బిగించడం వల్ల క్లిప్పు కోసిన గాటు, షెడ్డులో ఎలుకలు కొరికిన గుర్తు, ఇంటర్‌కూలరు మూలల పగుళ్లు తరచుగా కనిపించేవి.

పీల్చే భాగానికి తెల్లగుడ్డ చాలు. ఫిల్టరు దాటిన తరువాత గొట్టం లోపల తుడిస్తే గుడ్డ శుభ్రంగా రావాలి. మట్టి అంటితే ఫిల్టరు అంచో, గొట్టమో లీకవుతున్నట్లే. ఫిల్టరును టైరుకు కొట్టి దులపడం మన రైతుల అలవాటు. దానితో అంచు సొట్టపడి, దుమ్ముకు దారి ఏర్పడుతుంది.

కంటికి దొరకనప్పుడు ఒత్తిడి పరీక్ష చేయాలి. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, ఎయిర్ క్లీనరు నుంచి వచ్చే గొట్టాన్ని విడదీసి, దాని నోటికి ట్యూబు వాల్వు అమర్చిన పి.వి.సి. మూత బిగించాలి. ఇంజను బ్రీదరు గొట్టం పీల్చే భాగానికి కలిసి ఉంటే దానిని విడదీసి ఆ రంధ్రాన్ని మూయాలి. లేకుంటే గాలి ఆయిలు గదిలోకి పోతుంది. రెగ్యులేటరు ద్వారా 0.3 బార్ వరకు గాలి ఎక్కించి, అతుకులన్నిటిపైనా సబ్బునీరు పూయాలి. ఒత్తిడి నెమ్మదిగా తగ్గడం లీకుకు రుజువు కాదు. ఏదో ఒక వాల్వు తెరచి ఉండి, ఆ గాలి రింగుల సందుల గుండా పోవడం మామూలే. బుడగలు వచ్చిన చోటునే లెక్కలోకి తీసుకోవాలి. టైర్లకు గాలి పెట్టే ఒత్తిడితో నేరుగా ఎక్కిస్తే మంచి హోసులే ఊడిపోతాయి.

నడుస్తున్న ఇంజను గాలి ద్వారం వద్ద చేయిగాని, గుడ్డగాని పెట్టరాదు. లీకు వెదకడానికి పెట్రోలు, ఈథరు చల్లడం అతి ప్రమాదకరం. ఇంజను అదుపు తప్పి పరుగెత్తవచ్చు.

మరమ్మతు తరువాత ఖాళీగా నడిపి చూసి తృప్తిపడరాదు. బరువు లేనప్పుడు బూస్టు దాదాపు ఉండదు, లీకూ బయటపడదు. మానిఫోల్డుకు గేజి కలిపి, నాగలి నేలలో ఉండగా వచ్చిన ఒత్తిడిని తయారీదారు పుస్తకంలోని విలువతో పోల్చాలి. బూస్టు తక్కువగానే ఉండి, ఈ మార్గంలో లీకు లేకపోతే ఎగ్జాస్టు మానిఫోల్డుకు, టర్బోకు మధ్య మసి చారలున్నాయేమో చూడాలి. అక్కడ వాయువు కారినా టర్బైను తగినంత వేగం అందుకోదు. ఇవన్నీ సరిగా ఉన్న తరువాతనే టర్బోను విప్పాలి.

ఈ పరీక్షలను విద్యార్థులకు చేయించి చూపవలసి ఉంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ మన రెండు జిల్లాలకూ అందుబాటు దూరంలోనే ఉంది. దుక్కికి సంబంధించిన ప్రదర్శనల్లో మాత్రం ట్రాక్టరు హెచ్.పి., ఫిల్టరు శుభ్రపరచిన తేదీ, దున్నేటప్పటి పొగ రంగు కూడా మడి నెంబరు పక్కన రాసుకోవడం మేము ఆ వేసవి తరువాత మొదలుపెట్టాము.