పాత ప్రోగ్రామ్ ఎందుకు తెరుచుకోదు?

విండోస్‌లో ప్రతి ఫోల్డర్‌ను ఎవరు చదవవచ్చో, ఎవరు మార్చవచ్చో నిర్ణయించే నియమాలను పర్మిషన్లు అంటారు. ప్రోగ్రాములు సాధారణంగా ఇన్‌స్టాల్ అయ్యే ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో సాధారణ వినియోగదారుకు చదివే, నడిపే అనుమతులే తప్ప రాసే అనుమతి ఉండదు కాబట్టి, సెట్టింగులను తన ఫోల్డర్‌లోనే దాచుకొనే పాత ఆట ఏదైనా, తెరుచుకొనేటప్పుడే ఆ ఫైలును రాయలేక, దోష సందేశం చూపి ఆగిపోవచ్చు. విండోస్ ఎక్స్‌పీ కాలంలో చాలామంది అడ్మినిస్ట్రేటర్ ఖాతాతోనే, అనగా సర్వాధికారాలు గల ఖాతాతోనే పనిచేసేవారు కనుక ఈ లోపం దాగి ఉండి, 2007లో విండోస్ విస్టా ఆ అధికారాలను అడగనిదే ఇవ్వడం మానడంతో బయటపడింది. నిజానికి తప్పు ఆ ప్రోగ్రాముల రూపకల్పనదే. అడ్మినిస్ట్రేటర్ ఆ ఒక్క ప్రోగ్రామ్ ఫోల్డర్‌పై కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీ ట్యాబ్‌లో వినియోగదారుకు మాడిఫై, అనగా మార్చే అనుమతి ఇస్తే సాధారణంగా సరిపోతుంది. ప్రోగ్రామ్ ఫైల్స్ మొత్తానికీ ఇవ్వడం అవివేకం, ఎందుకంటే అప్పుడు వైరస్ కూడా అక్కడి ఫైళ్లను మార్చగలదు.